పెద్ద దొంగకు పెద్ద మాట

బస్సులో పర్సు కొట్టేసిన కుర్రాడు చేసింది 'థెఫ్ట్'. అదే, బ్యాంకు పెద్దమనిషి పాతిక లక్షలు నొక్కేస్తే 'మిసప్రోప్రియేషన్'. చూశారూ, సొమ్ము పెరిగినకొద్దీ మాట కూడా ఎలా సాగిందో! నోరు తిరగడానికే అరనిమిషం పడుతుంది. తెలియనివాళ్లు వింటే ఆయనకేదో జబ్బు చేసింది కాబోలు పాపం అనుకుంటారు.

ఇంగ్లీషులో ఇలాంటి మాటలకి కరువు లేదు. ఎంబెజిల్‌మెంట్, డిఫాల్కేషన్, పెక్యులేషన్... అన్నీ ఇస్త్రీ బట్టలు కట్టుకున్న మాటలే. నాకు ఏ మాట కనబడ్డా దాని పుట్టిల్లెక్కడా అని నిఘంటువు తిరగేసే అలవాటు. పుట్టిల్లు తెలిస్తే గుట్టు సగం తెలిసినట్టే కదా! వీటి పుట్టిళ్లు చూద్దును కదా, ఎంబెజిల్ అంటే పాత ఫ్రెంచిలో ధ్వంసం చెయ్యడమట. డిఫాల్కేషన్ చీరకొంగులో లాటిన్ కొడవలి దాక్కుని ఉంది. మొదట కొమ్మలు కొయ్యడం, తర్వాత లెక్కలో కోత, చివరికి మనం నమ్మి అప్పగించిన సొమ్ములో కోత. పెక్యులేషన్‌కి మూలం పశువు. మనకి గోధనం ఎలాగో ఒకప్పుడు వాళ్లకీ అలాగే, మందే ఆస్తి. ఈ లెక్కన విరాటరాజు ఆవుల్ని తోలుకుపోయిన దుర్యోధనుడు గొప్ప పెక్యులేటరన్నమాట!

డబ్బు కాకుండా రాజ్యం కాజేస్తే 'యూసర్ప్'. వాడుకోవడం, లాక్కోవడం అనే రెండు లాటిన్ మాటలు కలిసి పుట్టిందంటారు. పక్కింటావిడ మన అట్లపెనం పట్టుకెళ్లి, నాలుగేళ్లు శుభ్రంగా అట్లు పోసుకుని, మనం అడగబోతే "మా పెనమాండీ?" అంటుందే, అచ్చం అదే.

అన్నిట్లోకీ నిజం చెప్పే మాట 'లూట్'. అది మాత్రం వాళ్లది కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో హిందీ 'లూట్'ని మూటలతోపాటే ఓడెక్కించారు. కానీ సొంత మనిషి సంగతి సభకెక్కినప్పుడు ఆ మాట ఏమైందో చూడండి. 1757లో ప్లాసీ యుద్ధం అయ్యాక క్లైవు దొర బెంగాల్లో కూడబెట్టుకున్నదాని మీద 1773లో బ్రిటిష్ పార్లమెంటులో పెద్ద చర్చ జరిగింది. ఆయన 2,34,000 పౌన్లు 'పొందారు' అని తేల్చారు. పొందారుట! సత్యనారాయణ వ్రతం చేసి ప్రసాదం పొందినట్టు. దాంతోపాటే దేశానికి గొప్ప సేవ చేశారని కూడా తీర్మానించి ఊరుకున్నారు.

డల్హౌసీ దొర ఇంకా నాజూకైన మనిషి. కన్నకొడుకు లేకుండా రాజు పోతే, దత్తత చెల్లదని రాజ్యం పుచ్చేసుకునేవాడు. 1848లో సతారా, 1854లో ఝాన్సీ అలాగే పోయాయి. దానికాయన వాడిన మాట 'ల్యాప్స్'. ప్రీమియం కట్టకపోతే మన పాలసీకి పట్టే గతి! ఝాన్సీ లక్ష్మీబాయి ఏ కిస్తీ కట్టడం మరిచిపోయిందో మరి.

అంతదూరం ఎందుకు, మన కడప, బళ్లారి, అనంతపురం సీమల సంగతే చూడండి. కంపెనీ సైన్యాన్ని పోషించే ఖర్చు కింద 1800లో నిజాం వాటిని రాసిచ్చాడు. 'సీడెడ్ డిస్ట్రిక్ట్స్' అన్నారు. మనవాళ్లు దత్తమండలాలు అని తర్జుమా చేసుకున్నారు. ఇచ్చినవాడొకడు, పుచ్చుకున్నవాడొకడు, పేరు మోసింది మాత్రం అక్కడి జనం. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పెట్టుకునేదాకా మోశారు.

మనమేం తక్కువ తినలేదనుకోండి. తినడమన్నాను కదా, మన మాటలన్నీ వంటింట్లోంచీ దేవుడి గదిలోంచీ వచ్చినవే. డబ్బు తినేశాడు, మింగేశాడు, భోంచేశాడు. కాకపోతే స్వాహా, కైంకర్యం, శఠగోపం, పంగనామం! దేవుడికైనా కోపం రావాలి. అయితే ఒక సుఖం ఉంది. 'తినేశాడు' అంటే తిన్నవాడొకడున్నాడని చెవిన పడగానే తెలుస్తుంది.

చట్టం మాత్రం మాటలకి మోసపోలేదు, ఏమాటకామాటే చెప్పుకోవాలి. 1860 నాటి శిక్షాస్మృతిలో మామూలు దొంగతనానికి మూడేళ్ల దాకా శిక్షయితే, నమ్మకద్రోహం చేసిన బ్యాంకరుకి యావజ్జీవం దాకా వెయ్యొచ్చు. 2024లో కొత్త సంహిత వచ్చినా ఇది మారలేదు. మాటల మెత్తదనమంతా కాయితాల్లోనే.

మా పిన్నికి అలాంటి కాయితం ఒకటి వచ్చింది. బాబాయి పోయాక చేతికొచ్చిన నాలుగు లక్షలూ ఒక సహకార బ్యాంకులో వేసుకుంది. కొన్నాళ్లకి అది మూతపడింది. అప్పట్లో డిపాజిట్ బీమా లక్ష వరకే. 2020లోగానీ అది అయిదు లక్షలు కాలేదు. ఆ లక్షా చేతికి రావడానికే ఏడాది పైన పట్టింది. ఈలోగా బ్యాంకు నుంచి ఇంగ్లీషులో ఒక ఉత్తరం. నిధులు 'మిసప్రోప్రియేట్ చేయబడినందున' చెల్లింపులు నిలిపివేయడమైనదని సారాంశం.

"ఎవరు తిన్నార్టే?" అంది పిన్ని.

"పేరు రాయలేదు పిన్నీ."

"పోనీ, తిన్నారనైనా రాశారా?"

"అదీ లేదు. చేయబడింది అని రాశారు."

పిన్ని కాసేపు మాట్లాడలేదు. తర్వాత కళ్లజోడు తుడుచుకుని, ఉత్తరం వెనక్కి తిప్పి నా చేతికి పెన్నిచ్చింది. "నా మూడు లక్షలు తినేశారని తెలుగులో రాయి. రేపు నేను లేకపోయినా పిల్లలకి తెలియాలి" అంది. రాశాను. ఒకటికి రెండుసార్లు కూడబలుక్కుని చదువుకుని, మడిచి, బాబాయి పాస్‌బుక్కులో పెట్టుకుంది.