వాడి యూరప్ వేరే!

పిల్లలతో యూరప్ వెళ్తే మన లిస్టు వేరు, వాళ్ల లిస్టు వేరు. లూవ్ర్ మ్యూజియంలో జనాన్ని తప్పించుకుంటూ మోనాలిసా దాకా వెళ్తే మావాడు "ఇంతేనా నాన్నా?" అనేశాడు. నిజమే, ఆ బొమ్మ ఎత్తు 77 సెంటీమీటర్లే! బ్రస్సెల్స్‌లో ఉచ్చ పోసే బుడ్డోడి విగ్రహం అంతకన్నా చిన్నది. దాన్ని చూసి మాత్రం పడీపడీ నవ్వాడు. ఆ బుడ్డోడికి వెయ్యికి పైగా డ్రెస్సులున్నాయనీ, వాటికో మ్యూజియం ఉందనీ తెలిసి అక్కడికీ లాక్కెళ్లాడు. ఈఫిల్ టవర్ దగ్గర లిఫ్టు వద్దన్నాడు. రెండో అంతస్తుకి 674 మెట్లు. నా మోకాళ్లనడగండి!

పిల్లలతో వెళ్లేవాళ్లకి ఒక్క మాట: లూవ్ర్‌లో 18 ఏళ్లలోపు వాళ్లకి ప్రవేశం ఉచితం. టికెట్ డబ్బులు గిట్టుబాటు కావాలని వాళ్లని పరుగులు పెట్టించకండి. రోజుకో చోటైనా వాళ్లనే ఎంచుకోనివ్వండి.