పెట్టెలో ఉన్న ముక్కలతోనే

2023 ఆగస్టులో మా అబ్బాయి ఇంట్లో ఒక బొమ్మ గురించి పెద్ద రభస జరిగింది. పోట్లాడుకున్నది ఇద్దరు పిల్లలైతే ఇక్కడ రాసే పని ఉండేది కాదు. ఒకరు యాభై ఏళ్ళ మా అబ్బాయి, రెండోవారు పదేళ్ళ వాడి కూతురు. తగువు తీర్చటానికి వెళ్ళిన మేమిద్దరం చివరకు ముద్దాయిలుగా తేలాం. ఆ సంగతి మన సంఘం వారితో చెప్పుకుంటే గుండె బరువు కొంత తగ్గుతుందని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాం.

అసలు కథ 1980లో మొదలయింది. మేము ఈ దేశం వచ్చి అప్పటికి తొమ్మిదేళ్ళు. మా అబ్బాయికి ఏడేళ్ళు. వాడి స్నేహితులందరి ఇళ్ళలోనూ లెగో ఉందని రోజూ నస పెడుతుంటే ఆ ఏడు క్రిస్మస్ సెలవుల్లో ఒక పెట్టె కొన్నాం. పేరు గెలాక్సీ ఎక్స్‌ప్లోరర్, పెట్టె మీద నంబరు 497. నీలం, బూడిద రంగుల ఒళ్ళు, పసుపు పచ్చ గాజులాంటి కిటికీలు, ఎరుపూ తెలుపూ దుస్తుల్లో నలుగురు రోదసీ యాత్రికులు, చంద్రుడి నేలలా గుంటలు పడిన ఒక పలక. మొత్తం 338 ముక్కలు. నౌక మీద మాత్రం 928 అని ఉంది. అదేమని వాడు అడిగాడు. మాకు తెలియలేదు. అదే బొమ్మను యూరప్‌లో 928 అనే నంబరుతో అమ్మేవారని చాలా ఏళ్ళ తరవాత తెలిసింది. సరిహద్దు దాటితే నంబరు మారటం మనకు మాత్రం కొత్తా?

రెండు సాయంత్రాలు ముగ్గురం కూచుని, సూచనల పుస్తకం చూస్తూ కట్టాం. ముచ్చటగా కుదిరింది. దాన్ని టెలివిజన్ మీద పెట్టి, వచ్చిన వారందరికీ చూపించాలని మా ఆలోచన. మూడో రోజు ఆఫీసుల నించి వచ్చేసరికి నౌక లేదు. వాడు నేల మీద బోర్లా పడుకుని మరేదో కడుతున్నాడు. రెక్కలు పక్కన పడి ఉన్నాయి. పొడుగాటి పెట్టెలాంటి ఆకారం, పైన ఇద్దరు యాత్రికులు కూచుని ఉన్నారు. ఏమిట్రా ఇది అంటే, "నెల్లూరు బస్సు. చంద్రుడి మీదికి వెళుతుంది" అన్నాడు. అంతకు ముందు ఏడాదే వాణ్ణి ఊరికి తీసుకువెళ్ళాం.

మాలో ఎవరు ముందు కేకలేశారో ఇప్పుడు అనవసరం. ఇద్దరం ఒకే మాట మీద ఉన్నాం. "అంత డబ్బు పోసి కొంటే పాడు చేస్తావా? పుస్తకంలో ఉన్నట్టు కట్టలేవూ?" అన్నాం. పక్కన నిలబడి ఆ బస్సు ఊడదీయించి, మళ్ళీ పుస్తకం ప్రకారం కట్టించాం. వాడు ఏడవలేదు. కట్టాడు. నౌక టెలివిజన్ మీదికి ఎక్కింది. 1988లో ఇల్లు మారేటప్పుడు విరిగిపోయేదాకా అక్కడే ఉంది. ఆ మధ్యలో వాడికి ఇంకా చాలా పెట్టెలు కొన్నాం. ప్రతిదీ పుస్తకం ప్రకారం కట్టాడు. ఒక్కటీ విప్పలేదు. ఎంత బుద్ధిమంతుడో అని మురిసిపోయాం.

మా తరఫున ఒక్క మాట చెప్పుకోవాలి. ఆ రోజుల్లో మా బతుకంతా పుస్తకం ప్రకారమే నడిచేది. ఒక గడి ఖాళీగా ఉందని దరఖాస్తు తిరిగి వచ్చేది. ఒక సంతకం తక్కువయిందని ఆరు నెలలు ఆగాం. ఆఫీసులో ఎవరైనా కొత్త ఊహ చెపితే చెల్లేదేమో గాని, మా ఉచ్చారణతో మేము చెపితే చెల్లేది కాదు. చెప్పినట్టు చేసినవాడు నిలదొక్కుకుంటాడు అని మేము నేర్చుకున్నాం. అదే వాడికీ నేర్పాం. ఆ రోజుల్లో లెగో పెట్టెల మీద, అవే ముక్కలతో కట్టిన వేరే బొమ్మల ఫోటోలు కూడా ఉండేవి. ఎలా కట్టాలో మాత్రం చెప్పేవారు కాదు. మీరే కనుక్కోండి అని దాని అర్థం. మేము ఆ ఫోటోల వంక చూడనే లేదు.

2022లో లెగో కంపెనీ తన 90వ ఏటి పండగకు పాత గెలాక్సీ ఎక్స్‌ప్లోరర్‌నే పెద్దది చేసి మళ్ళీ విడుదల చేసింది. 1932లో డెన్మార్క్‌లోని బిలుండ్ అనే ఊళ్ళో ఓలే కిర్క్ క్రిస్టియాన్సెన్ అనే వడ్రంగి కొయ్య బొమ్మలతో మొదలుపెట్టిన కంపెనీ అది. ఇప్పటి పద్ధతి ఇటుకకు పేటెంటు అడిగింది 1958లో. కొత్త నౌక పెట్టెలో 1254 ముక్కలు. మా అబ్బాయి తనకోసమే ఒకటి కొనుక్కుని, కట్టి, గాజు బీరువాలో పెట్టుకున్నాడు.

2023 ఆగస్టు 23 ఉదయం చంద్రయాన్-3 దిగటం చూడటానికి వాళ్ళింటికి వెళ్ళాం. ఇక్కడ 8 గంటల 34 నిమిషాలకు విక్రం చంద్రుడి మీద కాలు పెట్టింది. అందరం చప్పట్లు కొట్టాం. అది ఎగిరింది శ్రీహరికోట నించి అని, మన నెల్లూరికి దగ్గరేనని మనుమరాలికి చెప్పాం. అది కాసేపు ఆలోచించి బీరువా వంక చూసింది. "నాన్నా, దాన్ని విప్పి విక్రం కట్టుకుంటాను" అంది.

వాడు ససేమిరా అన్నాడు. అది అడిగిన కొద్దీ గొంతు పెంచాడు. "ఎంత కష్టపడి కట్టానో తెలుసా? పుస్తకంలో ఉన్నట్టు ఉంచాలి. పాడు చేస్తానంటే ఊరుకోను." ఆ మాటలు మాకు ఎక్కడో విన్నట్టు అనిపించాయి. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మాటలు మావే.

మేము వాడికి ఆ బస్సు సంగతి గుర్తు చేశాం. వాడికి గుర్తుండదనుకున్నాం. "దాని వెనక నిచ్చెన కూడా పెట్టాను, అమ్మా. టాపు మీదికి సామాను ఎక్కించటానికి" అన్నాడు. నిచ్చెన మాకు గుర్తు లేదు. నలభై మూడేళ్ళ తరవాత వాడికి నిచ్చెన గుర్తుంది. "ఆ రోజు తప్పు మాదిరా" అన్నాం. ఇన్నేళ్ళలో వాడితో ఆ మాట అనటం అదే మొదలు. వాడేమీ అనలేదు. కాసేపటికి లేచి బీరువా తెరిచి, నౌకను తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు.

ఊడదీయటానికే ఒక పూట పట్టింది. ఇంట్లో ఉన్న స్టీలు పళ్ళాలూ గిన్నెలూ అన్నీ బల్ల మీదికి వచ్చాయి. పలకలు ఒక దాంట్లో, వాలు ముక్కలు ఒక దాంట్లో, బందులు ఒక దాంట్లో. కంపెనీ వారే ఆ ముక్కలతో మరి రెండు పాత నౌకలు కట్టే పద్ధతి ఇచ్చారని, వాటిలో ఒకటి కడదామని మా అబ్బాయి బేరం పెట్టాడు. "అవీ వాళ్ళు అనుకున్నవే గదా" అంది మనుమరాలు. సూచనల పుస్తకాన్ని ఫ్రిజ్ మీద పెట్టేసింది. ఇంకో నియమం కూడా అదే పెట్టింది. ఈ పెట్టెలో ముక్కలు తప్ప బయటి ముక్క ఒక్కటి కూడా వాడకూడదు.

అది వినగానే మాకు అవధానంలో దత్తపది గుర్తుకు వచ్చింది. పృచ్ఛకుడు నాలుగు పదాలిస్తాడు. వాటికీ అడిగిన విషయానికీ ఏ సంబంధమూ ఉండదు. ఆ నాలుగూ వాడి, అడిగిన ఛందస్సులో పద్యం చెప్పాలి. కట్టడి లేకపోతే అందులో విశేషం ఏముంది? ఈ ముక్కల కట్టడిలో ఎంత చోటుందో గణిత శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. ఎనిమిదేసి బొడిపెలున్న ఒకే రంగు ఇటుకలు రెండుంటే 24 విధాలుగా కలపవచ్చు. మూడుంటే 1060 విధాలు. ఆరుంటే 91,51,03,765. మా బల్ల మీద 1254 ముక్కలున్నాయి.

అయినా కష్టాలు తప్పలేదు. రెక్కల నౌకకు కుడీ ఎడమా ఉంటాయి గనక ముక్కలన్నీ జతలుగా వస్తాయి. విక్రంకు కాళ్ళు నాలుగు. నాలుగు కాళ్ళకూ ఒకే రకం ముక్క కావాలంటే రెండే దొరుకుతాయి. ఆ రెండూ కూడా ఒకటి కుడి చేతిది, ఒకటి ఎడమ చేతిది. రెండు రోజులు కుస్తీ పట్టాక, ముందు రెండు కాళ్ళు ఒక రకంగా, వెనక రెండూ మరో రకంగా కట్టి, ఎత్తు మాత్రం సమానంగా వచ్చేట్టు చేసింది. నిలబెట్టగానే నాలుగూ విచ్చుకుపోయి మొత్తం కూలబడింది.

మనుమరాలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. 2019లో చంద్రయాన్-2 విక్రం కూడా చంద్రుడి మీద కూలిపోయిందని, ఆ తరవాత కాళ్ళకు బలం పెంచారని, మధ్యలో ఉన్న అయిదో ఇంజను తీసేశారని చెప్పాం. అది పైన బరువుగా ఉన్న అంతస్తు తీసేసింది. మా అబ్బాయి అప్పుడు మొదటిసారి నోరు విప్పి, తాపీ మేస్త్రీ గోడ కట్టినట్టు అతుకు మీద అతుకు రాకుండా పలకలు పేర్చమన్నాడు. ఈసారి నిలబడింది.

మేము కూడా ఒక దొంగతనం చేశామని ఒప్పుకోవాలి. మా ఇంట్లో 1980 నాటి ముక్కల సంచి ఇంకా ఉంది. అవి ఇప్పటి ముక్కలకు చక్కగా పట్టుకుంటాయి. పిల్ల ఒక పలక కోసం ఇబ్బంది పడుతుంటే మా సంచిలోది ఒకటి చడీచప్పుడూ లేకుండా గిన్నెలో వేశాం. క్షణంలో పట్టేసింది. "తాతయ్యా, నానమ్మా, ఇది ఈ పెట్టెది కాదు" అంది. 2004 ప్రాంతాల్లో కంపెనీ బూడిద రంగును కొంచెం నీలి చాయకు మార్చింది. మా కళ్ళకు రెండూ ఒకటే. దాని కళ్ళకు కాదు. చోరసొత్తు తిరిగి సంచిలోకి వెళ్ళింది.

మూడు వారాంతాలకు విక్రం పూర్తయింది. అసలు విక్రంకు బంగారు రంగు తొడుగు, మాది నీలం. లోపలి నించి ప్రజ్ఞాన్ బండి దిగటానికి రెక్క పలక ఒకటి వాలుబల్లగా మారింది. ప్రజ్ఞాన్‌కు ఆరు చక్రాలుండాలి. చక్రాలు చాలక గుండ్రటి ముక్కలతో సరిపెట్టింది. విక్రంలో మనుషులు వెళ్ళలేదు గనక నలుగురు యాత్రికులనూ బయట కూచోబెట్టి, "వీళ్ళు టీవీలో చూస్తున్నారు" అంది.

ఇంకా సగానికి పైగా ముక్కలు మిగిలాయి. ఆ సాయంత్రం మేము కాఫీ తాగి వచ్చేసరికి మా అబ్బాయి ఒక్కడే బల్ల దగ్గర కూచుని వాటితో ఏదో కడుతున్నాడు. ఏమిటని మేము అడగలేదు. పొడుగాటి పెట్టెలాంటి ఆకారం. వెనక నిచ్చెన కనిపించగానే వంటింట్లోకి వెళ్ళిపోయాం.

2024 సంక్రాంతి బొమ్మల కొలువులో, కొండపల్లి దశావతారాల కింది మెట్టు మీద విక్రం, దాని పక్కన నెల్లూరు బస్సు కూచున్నాయి. ఏటా ఉండే బొమ్మలే, ఏటా కొత్త వరస. పేరంటానికి వచ్చిన వారు విక్రంను గుర్తుపట్టారు. బస్సును మాత్రం ఏమిటని అడిగారు. వాడే చెప్పాడు.

మన సంఘ సభ్యుల ఇళ్ళలో కూడా అద్దాల వెనక ఇట్లాంటివి ఉండవచ్చు. పిల్లలు విప్పుతామంటే ఒక్కసారి మా మాట గుర్తు చేసుకోండి. పుస్తకం ఎక్కడికీ పోదు. కావాలంటే పాత నౌకను మళ్ళీ కట్టుకోవచ్చు. మా అబ్బాయి ఇంకా కట్టుకోలేదు. ఆ ముక్కలు ఇప్పుడు మూడో రూపంలో ఉన్నాయి. ఏమిటని మాత్రం అడగకండి. ఇంకా పూర్తి కాలేదు, మమ్మల్ని బల్ల దగ్గరికి రానివ్వటం లేదు.