ముందు ఆగడం చూసుకో, తర్వాత ఉరకడం



ఈసారి మిర్చి గురించి కాదు, నల్ల తామర పురుగు గురించి కాదు. మావాడు అమెరికాలో కొన్న పాత స్పోర్ట్స్ కారు గురించి రాస్తున్నా. "మనకెందుకయ్యా ఆ కారు గోల" అనుకోకండి. మీ ఇంట్లో పాత ట్రాక్టరు ఉన్నా, మీ కుర్రాడు సెకండ్ హ్యాండ్ బండి కావాలని ప్రాణం తీస్తున్నా ఇది పనికొస్తుంది. నేను పదిహేనేళ్లకి పైగా దాచిన మాట కూడా ఒకటి ఇందులో ఉంది. ఆ మాట చెప్పడానికే ఈ పోస్టు అనుకున్నా తప్పు లేదు.

మావాడు ఒహాయో రాష్ట్రంలో కొలంబస్ అనే ఊళ్లో ఉద్యోగం. వాడి చదువుకి నాలుగెకరాల్లో రెండెకరాల కాగితాలు బ్యాంకులో పెట్టాం. ఆ అప్పు తీరి కాగితాలు ఇంటికొచ్చిన మూడో నెలలో వాడు ఫోన్ చేసి, "నాన్నా, ఒక కారు కొన్నా" అన్నాడు. ఉన్న కారు ఉండగా ఇంకోటి. వీడియోలో చూపించాడు. ఎర్ర రంగు, రెండే సీట్లు, పైన రేకు కూడా లేదు, గుడ్డ టాపు. 2003 మోడల్ మాజ్డా మియాటా. ఎంఎక్స్-5 అని కూడా అంటారంట. 1989 నుంచి వస్తున్న బండి.

నాకు కోపం వచ్చింది. "రెండెకరాలు విడిపించుకుని ఊపిరి పీల్చుకున్న రోజే నీకు ఇరవై ఏళ్ల పాత బండి మీద మోజు పుట్టిందా" అన్నా. వాడు కూడా గట్టిగానే మాట్లాడాడు. రెండు నెలలు ఇద్దరం వాళ్లమ్మ ద్వారానే మాట్లాడుకున్నాం.

పోయిన మే నెలలో మమ్మల్ని రమ్మన్నాడు. పోయినాం. ఇంటి పక్క షెడ్డులో ఉంది ఆ కారు. ఎక్కి కూర్చుంటే నులక మంచం కన్నా కిందికి ఉంది. దిగేటప్పుడు మోకాళ్లు పట్టేసి మావాడి చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. బరువు సుమారు 1,080 కిలోలంట, ఇంజను 1.8 లీటరు, 140 హార్స్‌పవర్ చుట్టుపక్కల. మన 35 హార్స్‌పవర్ ట్రాక్టరు దీనికన్నా చాలా బరువు, బలం చూస్తే నాలుగో వంతు. ఇంజను ముందు, తోసేది వెనక చక్రాలు. తేలికగా ఉంటుంది కాబట్టి మలుపుల్లో చెప్పినట్టు వింటుంది. అదే దాని గొప్ప.

మావాడు ఒక జాబితా రాసుకున్నాడు. మోత చేసే సైలెన్సరు. బండిని కిందికి దించే స్ప్రింగులు. పెద్ద చక్రాలు. ఇంజనుకి గాలి ఎక్కువ అందించే ఫిల్టరు. అన్నీ ఆర్డర్ పెట్టడానికి సిద్ధంగా ఉన్నాడు.

పక్కింట్లో ఒక పెద్దాయన ఉన్నాడు, రిటైరైన మెకానిక్కు. సాయంత్రం అట్లా నడుచుకుంటూ వచ్చి జాబితా చూశాడు. ఏమీ అనలా. మూడే ప్రశ్నలు అడిగాడంట. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారు? బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారు? టైర్లు ఏ సంవత్సరానివి?

మావాడు ఒక్కదానికీ జవాబు చెప్పలేకపోయాడు. నాకు లోపల కలుక్కుమంది. ఎందుకో తర్వాత చెప్తా.

టైర్ల సంగతి ముందు చెప్తా, ఇది మీరందరూ ఇవాళే చూసుకోవచ్చు. టైరు పక్కన డాట్ అనే అక్షరాల వరస చివర నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. మావాడి కారు టైర్ల మీద 1114 అని ఉంది. అంటే 2014లో 11వ వారం. గాళ్లు చూస్తే లోతుగా, కొత్తగానే ఉన్నాయి. గోరుతో నొక్కితే మాత్రం రాయి. రబ్బరు ముసలిదైతే గాళ్లు ఉన్నా తడి రోడ్డు మీద పట్టు ఉండదు. ఈ అంకెలు మన దగ్గర అమ్మే టైర్ల మీద కూడా ఉంటాయి. సెకండ్ హ్యాండ్ బండి బేరం చేసేటప్పుడు ముందు అక్కడ చూడండి.

టైమింగ్ బెల్టు అంటే ఇంజను లోపల వాల్వుల్ని నడిపే రబ్బరు బెల్టు. ఆ బండికి 60,000 మైళ్లకి, అంటే సుమారు 96,000 కిలోమీటర్లకి మార్చాలి. మావాడి బండి 92,000 మైళ్లు తిరిగింది. మార్చినట్టు కాగితం లేదు. కాగితం లేకపోతే మార్చలేదనే లెక్క. షాపులో ఇచ్చి బెల్టు, దాంతోపాటే నీళ్ల పంపు మార్పించాం. ఆ రెండూ ఒక చోటే ఉంటాయి, ఒకసారి విప్పితే రెండు పనులూ అయిపోతాయి. మనం బోరు మోటారు పైకి లాగినప్పుడు కేబులు కూడా చూసుకోమా, అట్టాగే.

నాకు దొరికిన పని ఒకటి చెప్తా, నవ్వుకోండి. గుడ్డ టాపు మీద పడ్డ వాన నీళ్లు సీట్ల వెనక రెండు బొక్కల్లోంచి గొట్టం గుండా కిందికి పోవాలి. ఆ బొక్కల్లో ఆకులు, మట్టి చేరి పూడుకుపోయాయి. పూడితే నీళ్లు బండిలోకి వస్తాయి, తలుపు కింద దూలంలో నిలిచి లోపల్నుంచే తుప్పు పట్టిస్తాయి. ఈ బండికి ఉన్న పెద్ద జబ్బు ఇదేనంట. పొలంలో మురుగు కాలువ పూడితే ఏమవుద్దో మనకి ఎవరూ చెప్పక్కర్లా గదా. ఇనప ఊచ పెడితే గొట్టం చిరుగుద్దని, మెత్తటి ప్లాస్టిక్ పుల్లతో మెల్లగా తీశా. చెంబుడు నీళ్లు పోస్తే కింద ధారగా కారినాయి. రెండు నెలల తర్వాత మావాడు నన్ను చూసి నవ్వింది ఆ రోజే.

శనివారం బ్రేక్ ఆయిల్ మార్చాం. దానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు పెడలు నొక్కి పట్టాలి, ఇంకొకరు చక్రం దగ్గర నిప్పిలు వదులు చేసి పాత ఆయిల్ బయటికి వదిలి మళ్లీ బిగించాలి. బిగించాక మాత్రమే పెడలు వదలాలి. ముందే వదిలితే గాలి లోపలికి లాక్కుంటుంది, ఇక బ్రేకు మెత్తబడిపోద్ది. దూరపు చక్రం నుంచి మొదలుపెట్టాలి. ఆ ఆయిల్ రంగు మీద పడితే రంగు లేచిపోద్ది, వెంటనే నీళ్లతో కడగాలి. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, అందుకే రెండేళ్లకోసారి మార్చమంటారు. తేమ చేరిన ఆయిల్ బాగా వేడెక్కితే మరిగి ఆవిరవుద్ది, పెడలు ఉత్తగా కిందికి పోద్ది.

నేను సీట్లో కూర్చున్నా, వాడు కింద పడుకున్నాడు. "నొక్కు నాన్నా" అంటాడు, నొక్కుతా. "వదులు" అంటాడు, వదుల్తా. గొట్టంలోంచి టీ డికాషన్ లాగా నల్లగా వచ్చింది. అట్లా నొక్కుతూ వదులుతూ ఉంటే నా కాలు వణకడం మొదలైంది. "ఏంది నాన్నా, గట్టిగా పట్టు" అన్నాడు. అప్పుడు చెప్పా వాడికి. ఇప్పుడు మీకూ చెప్తున్నా.

2009లో నేను సెకండ్ హ్యాండ్ ట్రాక్టరు కొన్నా. మా ఊళ్లో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కొన్న వారంలో రంగు వేయించా, డెక్కు, రెండు బాక్సులు, ముందు బంపరు, రంగు లైట్లు పెట్టించా. మొత్తం 18,000 అయింది. మెకానిక్కు అప్పుడే చెప్పాడు, "బాబాయ్, బ్రేక్ లైనింగులు అరిగినాయి, ఒక పక్క ఎక్కువ అరిగింది, నాలుగు వేలు అవుద్ది" అని. మిర్చి అమ్మినాక చూద్దాంలే అన్నా.

ట్రాక్టరుకి బ్రేకు పెడళ్లు రెండని మీకు తెలుసు. దుక్కిలో మలుపు తిరగడానికి కుడిది, ఎడమది విడివిడిగా వాడతాం. రోడ్డెక్కితే రెండింటినీ కొక్కెంతో కలపాలి. ఆ రోజు పొద్దున దుక్కి దున్ని, సాయంత్రం కల్లం నుంచి మిర్చి టిక్కీలు వేసుకుని బయల్దేరా. కొక్కెం వెయ్యలా. మర్చిపోయా. పాటలు గట్టిగా పెట్టుకున్నా. సాగర్ కాలువ కట్ట దిగేటప్పుడు బ్రేకు తొక్కితే ఒక్క పెడలే పడింది. బండి ఒక పక్కకి తిరిగింది, వెనక నుంచి ట్రాలీ తోసింది. మడ్‌గార్డ్ మీద కూర్చున్న మా తమ్ముడు కింద పడ్డాడు. ట్రాలీ చక్రం కాలు మీదుగా పోయింది. రెండు చోట్ల విరిగింది, రాడ్డు వేశారు. ఇప్పటికీ కుంటుతూనే పొలం పోతాడు.

ఊళ్లో అడిగినోళ్లందరికీ గేదె అడ్డం వచ్చిందని చెప్పా. గేదె లేదు, ఏమీ లేదు. నాలుగు వేలు ఖర్చు పెట్టని బ్రేకు, వెయ్యని కొక్కెం. అంతే.

మావాడు కింద నుంచి లేచి కూర్చున్నాడు. చాలాసేపు ఏమీ అనలా. తర్వాత, "మిగతా మూడు చక్రాలు కూడా చేసేద్దాం నాన్నా" అన్నాడు. ఆ రాత్రి జాబితా చించేసి కొత్తది రాశాడు. నేను చెప్పమనలా.

కొత్త జాబితా ఇది. ముందు మంచి టైర్లు. బండి నేలని తాకేది ఆ నాలుగు అరచేతులంత చోటే, మార్పు అనేది అక్కడ మొదలుపెడితేనే తేడా తెలుస్తుంది. మెత్తటి వేసవి టైర్లు చలికి గట్టిపడతాయి కాబట్టి మంచు కాలంలో ఆ బండి షెడ్డులోనే. తర్వాత కొంచెం మెరుగైన బ్రేక్ ప్యాడ్లు, రబ్బరు బ్రేకు గొట్టాల బదులు స్టీలు అల్లిక ఉన్నవి. తర్వాత నాలుగు చక్రాల అలైన్‌మెంటు. పైన రేకు లేని బండి కాబట్టి సీట్ల వెనక గట్టి ఇనప చట్రం, తల తగిలే చోట దానికి మెత్త. ఇవన్నీ ఒకేసారి కాదు. ఒకటి మార్చి రెండు వారాలు నడిపి, అప్పుడు ఇంకోటి. ఒకే ట్యాంకులో మూడు మందులు కలిపి కొడితే ఏది పనిచేసిందో మనకి తెలుస్తుందా? ఇదీ అంతే.

సైలెన్సరు, గాలి ఫిల్టరు సంగతి పెద్దాయన నవ్వుతూ చెప్పాడు. ఇట్లాంటి ఇంజనుకి వాటితో మోత పెరిగినంత బలం పెరగదంట. మూత లేని ఫిల్టరు ఇంజను పక్కన వేడి గాలినే పీలుస్తుంది. స్ప్రింగులు కోసి బండిని దించితే గుంట వచ్చినప్పుడల్లా అడుగు కొట్టుకుంటుంది, మలుపులో చక్రం ఎగురుతుంది. పెద్ద చక్రాలు బరువు పెంచుతాయి, తేలికతనం పోతే ఆ బండి కొనడం ఎందుకు?

జూన్‌లో ఒక ఆదివారం ఆటోక్రాస్ అనే దానికి తీసుకుపోయాడు. పెద్ద ఖాళీ పార్కింగ్ స్థలంలో ఎర్ర కోన్లు పెట్టి, ఒక్కో కారునీ విడిగా పంపి టైము చూస్తారు. హెల్మెట్ తప్పనిసరి. ఆ దేశంలో కుర్రాళ్లు రోడ్డు మీద కాకుండా ఇక్కడ సరదా తీర్చుకుంటారు. నేర్పే మనిషి పక్కన కూర్చుని రెండు రౌండ్లు తిప్పాడు. మావాడు చివరి నుంచి మూడోవాడు. వాడి కన్నా పాత బండితో, ఏ మార్పూ లేకుండా, ఒక నడివయసు ఆవిడ వాడికన్నా చాలా ముందు వచ్చింది. దిగి వచ్చి, "ముందు నేను మారాలి నాన్నా, బండి తర్వాత" అన్నాడు. రెండెకరాల చదువు అప్పుడు గిట్టుబాటు అయిందనిపించింది.

మన కుర్రాళ్ల సంగతి కూడా ఒక మాట. బైక్ కొన్న రోజే సైలెన్సరు మారుస్తారు. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించాక, చట్టం ఒప్పుకోని మార్పు చేస్తే ఓనరుకి ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. బండి సాధారణంగా మన పేరు మీదే ఉంటుంది, గుర్తుంచుకోండి. ఆ డబ్బుతో టైర్లు, బ్రేకులు, ఒక మంచి హెల్మెట్ కొనిపించండి. వద్దని కేకలేస్తే వినరు. నేను కేకలేస్తే రెండు నెలలు మాటలే పోయినాయి. పక్కన కూర్చుని పెడలు నొక్కితే విన్నాడు.

ఈ పోస్టు పెట్టే ముందు తమ్ముడి ఇంటికి పోయినా. వరండాలో కూర్చోబెట్టి గేదె సంగతి చెప్పా. ఇన్నేళ్లు అబద్ధం చెప్పానురా అన్నా.

వాడు చుట్ట ఆర్పి, "నేను మడ్‌గార్డ్ మీదే కూర్చునుంటిని గదన్నా. గేదె ఉంటే నాకు కనపడదా?" అన్నాడు.

ఇంతకాలం ఎందుకు అడగలేదురా అంటే, "అడిగితే నువ్వేం చెప్తావు" అన్నాడు. లోపల్నుంచి మరదలు టీ తెచ్చింది. తాగి వచ్చా.

ఈ రాత్రికి మీ ట్రాక్టరు దగ్గరికి ఒకసారి పోండి. రెండు పెడళ్లూ సమానంగా దిగుతున్నాయో లేదో చూడండి. కొక్కెం వెయ్యండి. మడ్‌గార్డ్ మీద ఎవర్నీ కూర్చోనీకండి.