డోరు మీద 'అ'

మా అన్న కూతురు ఎల్‌కేజీ. మొన్నొక ఆదివారం బెంగుళూరులో మా ఇంటికొచ్చి, వాకిట్లో ఉన్న కారు డోరు మీద గులకరాయితో 'అ' రాసింది. ఇంట్లో నేర్పిన తెలుగు అక్షరమా, బళ్ళో నేర్పిన కన్నడ అక్షరమా అన్నది తేలలేదు. ఆ రెండూ కవలలు. రాసి ఊరుకోలేదు, పలక మీద దిద్దినట్టు మూడుసార్లు దిద్దింది.

వేరే కారయితే షోరూమువాళ్ళకి అప్పగించేవాణ్ణి. ఇది మామయ్య వదిలిపోయిన సిపానీ డాల్ఫిన్. 1982లో ఈ ఊళ్ళోనే పుట్టిన బండి. ఇంగ్లండులో తయారైన రిలయంట్ కిటెన్‌కి తమ్ముడు వరస. 848 సీసీ ఇంజను, రెండే డోర్లు, ఒళ్ళంతా ఫైబరు: గాజునారకి రెజిన్ పట్టించి అచ్చులో తీసిన ఒళ్ళు. మరుసటి ఏడాది డిసెంబరులో మారుతి వచ్చింది, తర్వాతి కథ అందరికీ తెలిసిందే. పాత ఇనుప కారు కొనేవాడు లప్పం ఎక్కడ పెట్టారో అయస్కాంతంతో పట్టేస్తాడు. ఇక్కడ ఆ విద్య చెల్లదు. ఒంటికి తుప్పు పట్టదు (కింద ఛాసిస్‌కి పడుతుంది, అది వేరే ఏడుపు). సొట్ట కూడా పడదు. గట్టిగా తగిలితే మాత్రం సాలెగూడులా పగుళ్ళు పరుచుకుంటాయి.

పెయింటరు మదనపల్లె వైపు పెద్దాయన. రాగానే అక్షరం మీద నీళ్ళు చిలకరించాడు. తడిలో సగం 'అ' కనపడకుండా పోయింది.

"పోయిందంతా పైపైది. మిగిలినదాని మీద గోరు పెట్టి చూడు సా. తట్టుకుంటే పాలిష్‌కి పోదు."

తట్టుకుంది. పిల్ల మొదలుపెట్టిన చోట, సున్న చుట్టిన దగ్గర.

గీత పోగొట్టడమంటే పూడ్చడం అనుకునేవాణ్ణి. కాదట. గీత అడుగు ఎంత లోతుందో, చుట్టుపక్కల రంగుని అంతదాకా దించాలి. దించడానికి ఉన్నదెంత? రంగు మొత్తం కలిపితే రాసుకునే కాగితమంత మందం. ఇనుప కార్లకి ఆ మందం చూసే చిన్న మీటర్లున్నాయి. అడుగున లోహం ఉంటేనే అవి పలుకుతాయి, ఫైబరు మీద పెడితే మూగవి. ఇక గుడ్డకి ఎంత రంగు అంటుతోందో చూసుకుంటూ పోవడమే.

1500 నంబరు వాటర్ పేపరు సబ్బునీళ్ళలో నానబెట్టి, రబ్బరు బిళ్ళకి చుట్టి, అడ్డంగా రుద్దాడు. తర్వాత 2000 నంబరుతో నిలువుగా. అడ్డగీతలన్నీ నిలువుగీతల్లో కలిసిపోతే ఆ నంబరు పని అయినట్టు. మెరిసే డోరు కాస్తా బూడిద పూసుకున్నట్టు తయారైంది. అక్షరమే నయమేమో అనిపించింది. ఆయన నవ్వి రబ్బింగ్ కాంపౌండ్ డబ్బా మూత తీశాడు. అదీ గీతలు పెట్టేదే. కాకపోతే ఆ గీతలు మన కంటికి అందవు. దాన్నే మనం మెరుపంటున్నాం.

బఫింగ్ మిషను దగ్గర మాత్రం మనిషి మారిపోయాడు. ఇనుప రేకు వేడిని నలుదిక్కులా పంచేస్తుంది. ఫైబరుకి ఆ గుణం లేదు, పుట్టిన వేడి పుట్టినచోటే కూర్చుని రంగుని కాల్చేస్తుంది. అందుకని మిషను నెమ్మదిగా తిప్పుతూ, నాలుగు చుట్లకోసారి ఆపి, జ్వరం చూసినట్టు అరచేతి వెనకభాగం ఆనించి చూశాడు. రంగు పల్చగా ఉండే అంచులకి ముందే టేపు అంటించాడు, అక్కడంతా చేత్తోనే.

సున్న దగ్గర ఆపేశాడు.

"ఇంకొంచెం?" అన్నాను.

"ఇంకొంచెమంటే ప్రైమరు తేలుతుంది సా. అప్పుడు డోరంతా రంగెయ్యాల."

వద్దన్నాను. ఎదురుగా నిలబడితే ఏమీ కనపడదు. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడితే చిన్న సున్న తేలుతుంది.

శనివారం అలాంటి ఎండలోనే వచ్చింది మా పిల్ల. వంగి చూసి, సున్న మీద వేలు పెట్టి, "మిగతాది ఎవరు చెరిపేశారు బాబాయ్?" అంది. అని, గులకరాయి కోసం చుట్టూ చూసింది.