ఊకే కదా అనుకోకండి!

మండపేట దగ్గర ఓ రైస్‌మిల్లులో బాయిలర్ చూసుకునే ఆయనకి ఊకంటే మంటలోకి ఎగదోసే సరుకు, అంతే. బూడిద వచ్చి ఇళ్లమీద పడుతోందని ఊళ్లోవాళ్లు గొడవకొస్తే సర్దిచెప్పాల్సిందీ ఆయనే. అలాంటిది, హైదరాబాద్‌లో పరిశోధన చేస్తున్న కూతురు సంక్రాంతికి వచ్చి, వెళ్తూ వెళ్తూ రెండు కిలోల ఊక మూటగట్టుకుంది.

'ఊక దంచితే ఏమొత్తాదే అమ్మలూ?' అని నవ్వాడాయన.

ఆమెకు నవ్వు రాలేదు. రెండేళ్లుగా ఆమె చేసిన బ్యాటరీలేవీ పట్టుమని పాతిక ఛార్జింగులు కూడా నిలవలేదు మరి!

సెల్‌ఫోన్ బ్యాటరీలో ఛార్జింగ్ పెట్టినప్పుడు లిథియాన్ని దాచుకునేది గ్రాఫైట్. గ్రాముకి 372 మిల్లీ ఆంపియర్ అవర్లు దాని సామర్థ్యం. అదే సిలికాన్ అయితే దాదాపు 3,600. చిక్కల్లా ఒక్కటే. లిథియం చేరేకొద్దీ సిలికాన్ ఉబ్బి దాదాపు నాలుగింతలవుతుంది. ఛార్జి దిగితే ముడుచుకుంటుంది. అలా ఉబ్బుతూ ముడుచుకుంటూ చివరికి పొడిపొడైపోతుంది. అందుకే దానికి ఖాళీ కావాలి. ఎసట్లో గిన్నె నిండా బియ్యం పోయంగా, అలాగన్నమాట.

చుట్టూ ఖాళీ ఉన్న సన్నని సిలికాన్ తీగలైతే విరగవని అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో యి చుయ్ బృందం 2008లో చూపించింది. 2013లో అదే బృందం చూపు ఊకమీద పడింది. వరి మొక్క నేలలోంచి పీల్చుకున్న సిలికాను గింజకు కవచంగా ఊకలో దాస్తుంది. ఊకను ఆమ్లంలో ఉడికించి, 700 డిగ్రీల దగ్గర కాలిస్తే ఆ సిలికా మిగులుతుంది. దాన్ని మెగ్నీషియంతో కలిపి 650 డిగ్రీల్లో వేడిచేస్తే ఆక్సిజన్‌ను మెగ్నీషియం లాగేసుకుంటుంది. మళ్లీ ఆమ్లంతో కడిగితే సిలికాన్ సిద్ధం. వరి అల్లిన సన్నని రంధ్రాలు చెదరవు కాబట్టి ఉబ్బడానికి చోటుంటుంది. 300 ఛార్జింగుల తర్వాతా అది 86 శాతం సామర్థ్యం నిలుపుకుంది.

కూతురూ ఆ దారే పట్టింది. మొదటి విడత పాడైంది. ఆమ్లంతో సరిగా కడగకపోతే ఊకలోని పొటాషియం వల్ల సిలికా కరిగి రంధ్రాలు మూసుకుపోతాయి. రెండోదీ అంతే. మూడోసారి చేసిన బ్యాటరీ మాత్రం వంద ఛార్జింగులు దాటింది. ఆ రాత్రే నాన్నకు ఫోన్ చేసింది.

'ఇంకా చాలా పనుంది నాన్నా. ఆమ్లానికీ మెగ్నీషియానికీ ఖర్చు ఎక్కువ' అంది.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: 'అయితే ఈసారి బస్తా పంపించమంటావా?'