మూడో బీట్ మీద పడాలి

కుర్ర బ్యాండు తొలి ఆల్బమ్‌కని స్టూడియోకి వచ్చి "రెగే, పంక్ కలిపాం" అందనుకో, ముందు గిటార్ ఆంప్ సౌండు తగ్గించు. లండన్‌లో ఏళ్ల తరబడి కన్సోల్ ముందు కూర్చున్నవాణ్ణి, చెప్తున్నా. ఎక్కడ వాయించకుండా ఉండాలో వాళ్లకి తెలిస్తే సగం పని అయినట్టే.

లెక్క ఇది. వన్ డ్రాప్ రెగేలో ఒకటో బీట్ ఖాళీ. కిక్కూ స్నేరూ కలిసి మూడో బీట్ మీద పడతాయి. గిటార్ రెండు, నాలుగు మీద టక్కున కోసి ఆగుతుంది, అదే స్కాంక్. పాటను మోసేది బేస్. పంక్‌లో స్నేర్ రెండు, నాలుగు మీద మోగుతుంది, గిటార్ ఎక్కడా సందివ్వదు. నిమిషానికి 160 బీట్లు రెండింటికీ పెట్టి చూడు, రెగే సగం వేగంతో నడుస్తున్నట్టే వినిపిస్తుంది.

ఒక డ్రమ్మర్ చరణంలో రెగే బాగానే వాయించి, పల్లవిలో పంక్ రాగానే పరుగెత్తేవాడు. క్లిక్ 160లో పెడితే ఇంకా కంగారు పడ్డాడు. దాన్ని 80కి దించి, తొడ మీద తాళం వేస్తూ నోటితో తకధిమి చెప్పమన్నాను, ముందు మొదటి కాలం, తర్వాత రెండో కాలం. విజయవాడలో మా మృదంగం మాస్టారు నేర్పిన పాఠమే. తాళం వేసే చెయ్యి మారదు, పలుకు రెట్టింపవుతుంది. ఆ సాయంత్రానికల్లా టేక్ ఓకే అయింది. ఆ ఘనత మాస్టారిదే.

బేస్ విద్య బ్రిక్స్‌టన్‌లో స్థిరపడ్డ జమైకా పెద్దాయన పెట్టిన భిక్ష. ఆంప్ ముందు మైకు పెట్టించి, బేస్ గిటార్ నుంచి నేరుగా మరో లైను తీయించేవాడు. మిక్స్ అయ్యాక తలుపు మూసి నన్ను వరండాలో నిలబెట్టేవాడు. అక్కడ నిలబడి బేస్ లైను కూనిరాగం తీయగలిగితేనే పాస్. ఇప్పటికీ నా పరీక్ష అదే.

ఇక నీకు హోంవర్క్. క్లాష్ బ్యాండు 1977 తొలి ఆల్బమ్‌లో జూనియర్ మర్విన్ పాట 'పోలీస్ అండ్ థీవ్స్' విను. రెండు నిమిషాల పాటల మధ్య ఆరు నిమిషాలు సాగుతుంది. ఒక గిటార్ బీట్ మీద, ఇంకొకటి బీట్ పక్కన. జమైకా వాళ్లని అనుకరించకుండా పంక్ వాళ్లుగానే వాయించారు. స్లిట్స్ బ్యాండు 1979లో తెచ్చిన 'కట్' ఆల్బమ్ తీసుకో. దాని నిర్మాత డెనిస్ బోవెల్ రెగే మనిషి. 'న్యూటౌన్' పాటలో అగ్గిపెట్టె గలగలనీ చెంచా పడ్డ చప్పుడునీ తాళంలో వాడుకున్నాడు. బ్యాడ్ బ్రెయిన్స్ 1982 క్యాసెట్‌లో అసలు కలపనే లేదు. పిడుగుల్లాంటి పంక్ పాటల మధ్య అచ్చమైన రెగే పాటలు పెట్టారు.

అంటే ఒకే పాటలో కలపొచ్చు, పాట పాటకీ మార్చొచ్చు. ఏ దారో మొదటి రోజే బ్యాండుని అడుగు, మైకులు దాన్నిబట్టి పెట్టాలి. ఎకో మాత్రం ఆఖర్న వెయ్యి, అదీ ఏరుకున్న ఒక్కో స్నేర్ దెబ్బకే. దాని తోక వినబడాలంటే తర్వాతి రెండు బీట్లూ ఖాళీగా ఉండాలి. ఆ ఖాళీని డ్రమ్మర్ చేత రికార్డింగులోనే వదిలించు. మిక్సింగులో పుట్టించడం నీ వల్లా కాదు, నా వల్లా కాదు.