చేతిని చూసే పిల్లలు

హైదరాబాద్ ఉస్మాన్‌గంజ్‌లో మిరపకాయ బస్తాలు దించే వేళ నా క్లినిక్‌లో అందరూ దగ్గుతారు. ఆ రోజు ఓ తొమ్మిదేళ్ల పిల్లాడు మాత్రం దగ్గును నోట్లోనే నొక్కేసుకొని గోడకు ఆనుకొని నిలబడ్డాడు. "డాక్టర్ సాబ్, గీనికి పొగరెక్కువ. బళ్లె ఎవ్వలు గీనితోని ఆడరు. జర టానిక్ రాయుండ్రి" అన్నాడు మేనమామ. స్టెతస్కోపు కోసం చెయ్యి లేపాను. పిల్లాడు రెండు చేతులతో తల కప్పుకున్నాడు.

పొగరున్న పిల్లాడు తల కప్పుకుంటాడా?

మొండి, దొంగచూపుల పిల్ల, ఎవరితో కలవడు... ఈ మాటలు విని విని నాకు ఒళ్లు మండుతుంది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో సెత్ పొలాక్ అనే మనస్తత్వవేత్త పిల్లలకు ముఖాల బొమ్మలు చూపించాడు. కోపం ఇంకా పూర్తిగా తేలకముందే, దెబ్బలు తిన్న పిల్లలు దాన్ని పసిగట్టేశారు. ఇంట్లో ఆ నేర్పు వీపును కాపాడుతుంది. బడిలో అదే వాళ్లను ఒంటరిని చేస్తుంది. తోటివాడు బంతి అడగడానికి వచ్చినా కొట్టడానికి వచ్చినట్టే తోస్తుంది. బిగుసుకుపోతాడు, లేదా ముందే తోసేస్తాడు. అవతలివాడు క్షణంలో ఓ అభిప్రాయానికొచ్చేస్తాడు, మళ్లీ ఆటకు పిలవడు.

2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి బిహారీ పిల్లలను పోలీసులు వందల సంఖ్యలో విడిపించినప్పుడు మనందరికీ కడుపు తరుక్కుపోయింది. సొంత ఇంట్లో దెబ్బలు తినే పిల్లల తలుపు ఎవరు తడతారు? 2007లో కేంద్ర ప్రభుత్వం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాల్లో జరిపిన అధ్యయనంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరు దెబ్బలు తిన్నవాళ్లే.

నేనూ ఒకసారి తొలిచూపుకు మోసపోయాను. ఒక పాప వచ్చీరాగానే నా ఒళ్లో కూర్చుంది, అందరినీ చూసి నవ్వింది. ఎంత కలుపుగోలు పిల్ల అని మురిసి, జ్వరానికి మందిచ్చి పంపాను. మూడు నెలల తర్వాత ఆమె తొడ మీద వాతలు కనిపించాయి. ఎవరు దొరికితే వాళ్లను అల్లుకుపోవడం కూడా భయానికి ఒక ముఖమేనని అప్పటికి నాకు తెలియదు. ఆ మూడు నెలలు నా లెక్కలోనే ఉన్నాయి.

అందుకే తల కప్పుకున్న ఈ పిల్లాడికి టానిక్ రాయలేదు. పిల్లల మానసిక వైద్యురాలికి చీటీ, టీచరుకు ఉత్తరం రాశాను. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడ మీదే ఉంది, చూపించాను. మేనమామను కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడాను. "ఇగ కొట్ట సార్, ఒట్టు" అంటూ ఆయన చెయ్యి ఎత్తాడు.

పిల్లాడు మామ ముఖం వైపు చూడనేలేదు. ఎత్తిన ఆ చెయ్యి కిందికి దిగేదాకా దాన్నే చూస్తూ ఉన్నాడు.